ఇంటిపేరూ ఇంజనూ: బెంట్లీ మోటారు కార్ల చరిత్ర

వర్తకునికి ధనము ఎంత అవసరమో పేరు అంత అవసరము. ధనము పోయినవాడు పేరును చూపి అప్పు తెచ్చుకొనగలడు. పేరు పోయినవానికి ధనము ఉన్నను బేరము సాగదు. "ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు" అని మన పెద్దలు ఒక సామెత చెప్పినారు. పేరునకు, ఇంటిలోని పదార్థమునకు పొత్తు కుదరనప్పుడు లోకము నవ్వుతుందని దాని భావము. మోటారు కారు విషయములో ఇంటిపేరు ముందుభాగమున మెరిసే బిళ్ళ మీద ఉంటుంది; ఇంటిలోని పదార్థము మూత క్రింద ఉన్న ఇంజను. ఈ రెండింటి పొత్తు కొరకు నూరేండ్లకు పైగా తంటాలు పడిన ఆంగ్ల సంస్థ ఒకటి ఉన్నది. దాని పేరు బెంట్లీ. అది ఒకసారి రిసీవరు పాలైనది. మూడుసార్లు యజమానులను మార్చినది. దాదాపు ప్రతి మలుపులోను "ఏ ఇంజను పెట్టవలెను?" అన్న ప్రశ్నయే "మనము ఎవరము?" అన్న ప్రశ్నగా పరిణమించినది. ఆ కథను ఇప్పుడు మనము పరిశీలింతము.

డబ్ల్యూ.ఓ. అనే పొడి అక్షరములతోనే లోకమునకు పరిచితులైన వాల్టర్ ఓవెన్ బెంట్లీ 1888లో లండనులో జన్మించినారు. యౌవనమున ఆయన నేర్చినది మోటారు విద్య కాదు. డాంకాస్టర్ పట్టణములోని గ్రేట్ నార్తరన్ రైల్వే కర్మాగారములో ఆవిరి ఇంజనుల పని. బరువైన పెట్టెల వరుసను కదలించి, తొందర లేకుండ, ఆయాసము లేకుండ, గంటల తరబడి లాగుకొనిపోయే ఆ యంత్రము ఆయన మనస్సులో కడవరకు నిలిచిపోయినదని తరువాత ఆయన నిర్మించిన కార్లను చూచి మనము గ్రహింపగలము. 1912లో సోదరునితో కలిసి డి.ఎఫ్.పి. అనే ఫ్రెంచి కార్లను లండనులో అమ్మనారంభించినారు. మరుసటి యేడు ఫ్రాన్సులోని ఆ కర్మాగారమునకు వెళ్ళినప్పుడు, బల్ల మీద కాగితములు ఎగిరిపోకుండ ఉంచిన అల్యూమినియపు బరువు ఒకటి ఆయన కంటబడినది. ఈ తేలిక లోహముతో పిస్టనులనే పోయించరాదా అని ఆయనకు తోచినది. ఆ ఊహ ఫలించినది. మొదటి ప్రపంచ యుద్ధకాలములో అదే నేర్పుతో బి.ఆర్.1, బి.ఆర్.2 అనే విమానపు ఇంజనులను రూపొందించినారు. సాప్‌విత్ కంపెనీవారి కేమెల్, స్నైప్ యుద్ధ విమానములు కొన్ని వాటితోనే ఎగిరినవి.

యుద్ధము ముగిసిన వెంటనే 1919లో బెంట్లీ మోటార్స్ అనే సంస్థ ఏర్పడినది. ఆ యేటి అక్టోబరులో, లండనులోని బేకర్ వీధి సమీపమున ఒక ఇరుకు సందులో, మొదటి ఇంజను మ్రోగినది. నాలుగు సిలిండర్లు, 2,996 ఘన సెంటీమీటర్లు. అందుచేత దానికి 'మూడు లీటర్ల బెంట్లీ' అని పేరు వచ్చినది. సిలిండరు వెడల్పు 80 మిల్లీమీటర్లు. పిస్టను ప్రయాణించే దూరము 149 మిల్లీమీటర్లు. ఇంత సన్నగా, ఇంత పొడవుగా ఎందుకుండవలెనని శ్రోతలు అడుగవచ్చును. ఆనాడు ఇంగ్లాండులో మోటారు పన్నును సిలిండరు వెడల్పును బట్టి లెక్కగట్టేవారు. పొడవును లెక్కలోనికి తీసికొనేవారు కారు. కనుక వెడల్పు తగ్గించి పొడవు పెంచినవానికి పన్ను కలిసివచ్చేది. అంతకన్న ముఖ్యమైన ఫలితము మరొకటి ఉన్నది. పొడవుగా నడిచే పిస్టను గల ఇంజను నెమ్మదిగా తిరుగుచునే గట్టిగా లాగుతుంది. బరువు బండిని గట్టు మీదికి ఎక్కించే ఒంగోలు ఎడ్ల జతను తలచుకొన్నచో దాని స్వభావము బోధపడును. ఒక్కొక్క సిలిండరునకు నాలుగు కవాటములు, రెండు స్పార్కు ప్లగ్గులు, తల మీద తిరిగే కామ్ షాఫ్టు అమర్చి, ఆ ఎడ్లకు గుర్రపు పరుగును కూడ డబ్ల్యూ.ఓ. నేర్పినారు. బెంట్లీ అన్న పేరునకు అర్థము ఆనాడే ఏర్పడినది: పెద్ద ఇంజను, తక్కువ చుట్లు, తరుగని బలము, చిరకాలపు మన్నిక.

మొదటి కారు కొనుగోలుదారునకు 1921లో అందినది. లండనుకు ఉత్తరమున క్రికిల్‌వుడ్‌లో కర్మాగారము వెలసినది. ఆ కర్మాగారము చేసినది ఇంజను, చక్రములు, చట్రము మాత్రమే. పైనుండే తొట్టిని కొన్నవారు తమకు నచ్చిన పనివారి చేత కట్టించుకొనేవారు. ప్రతి చట్రమునకు ఐదేండ్ల హామీ ఇచ్చేవారు. ఫ్రాన్సులో ల మాన్ పట్టణము వద్ద ఇరువదినాలుగు గంటలపాటు నిరంతరముగా సాగే కార్ల పందెము 1923లో ప్రారంభమైనది. మరుసటి యేడే మూడు లీటర్ల బెంట్లీ అందులో గెలిచినది. 1927లో ఆ సంస్థవారి మూడు కార్లు రాత్రివేళ ఒకే ప్రమాదములో చిక్కుకొనగా, వంగిన ఇరుసుతో, ఒంటి దీపముతో మిగిలిన ఒక్క కారు పందెమును గెలిచి ఇల్లు చేరినది. 1928, 1929, 1930 సంవత్సరములలోను విజయము బెంట్లీదే. ఏడేండ్లలో ఐదు విజయములు!

గెలుపు పేరు తెచ్చినది, పైకము తేలేదు. మంచి లోహము, మంచి పనివారు, పందెపు ఖర్చులు, ఐదేండ్ల హామీ. వీటికి సరిపడు మూలధనము ఆ సంస్థకు ఏనాడును లేదు. 1926లో వుల్ఫ్ బార్నాటో అనే ధనికుడు వచ్చి చేయి అందించినాడు. ఆయన తండ్రి దక్షిణాఫ్రికాలోని కింబర్లీ వజ్రపు గనులలో ఐశ్వర్యము గడించినవాడు. బార్నాటో డబ్బు పెట్టుటయే గాక స్వయముగా కారు తోలి 1928, 1929, 1930లలో ల మాన్ పందెము గెలిచినాడు. పందెములో యజమానియే సారథి; ఇట్టి సంస్థ అరుదు.

ఇక్కడ మనము రోల్స్‌రాయిస్ సంస్థను పరిచయము చేసికొనవలెను. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమును చూచినవారికి నిజాము నవాబుల పసుపుపచ్చని సిల్వర్ ఘోస్ట్ కారు తెలిసియే ఉండును. 1912 నాటి ఆ వాహనము రోల్స్‌రాయిస్‌వారిదే. వారి ఆదర్శము నిశ్శబ్దము. ఇంజను ఉన్నదని ప్రయాణీకునకు తెలియకపోవుటయే వారి గొప్ప. బెంట్లీ ఆదర్శము వేరు. ఇంజను ఉన్నదని, దానికి తిరుగు లేదని తోలేవానికి తెలియవలెను. అయితే బెంట్లీ చట్రముల మీద కూడ కొనుగోలుదారులు బరువైన మూసిన తొట్లను కట్టించుకొనసాగినారు. ఆ బరువునకు మరింత నిదానమైన, మృదువైన ఇంజను అవసరమైనది. డబ్ల్యూ.ఓ. ఆరు సిలిండర్ల ఇంజను ఒకటి సిద్ధపరచి, నమూనా కారును ఫ్రాన్సులో పరీక్షించుచుండగా, రోల్స్‌రాయిస్‌వారి రహస్యపు నమూనా కారు త్రోవలో తారసపడినది. రెండు కార్లును పోటీపడి పరుగెత్తినవి. రెండును దాదాపు సమానమని తేలినది. సమానమైన చాలదని తలచి, డబ్ల్యూ.ఓ. ఇంగ్లాండునకు తిరిగివచ్చి, నాలుగు లీటర్లకు కొంచెము పైబడిన ఆ ఇంజనును ఆరున్నర లీటర్లకు పెంచినారు. ఆయన వైద్యము ఎల్లప్పుడును ఇదే: బలము చాలనప్పుడు ఇంజనును పెద్దది చేయుట.

ఆ వైద్యమును కాదన్నవాడు ఒకడు సంస్థ పంచనే ఉన్నాడు. ఆయన సర్ హెన్రీ బిర్కిన్. మిత్రులు టిమ్ అని పిలిచేవారు. నాలుగున్నర లీటర్ల ఇంజనుకు ముందు సూపర్‌చార్జరు తగిలించి, గాలిని బలవంతముగా లోపలికి దట్టించినచో, పరిమాణము పెంచకుండనే బలము పెరుగునని ఆయన వాదము. డొరొతీ పేజెట్ అనే ధనిక వనిత డబ్బిచ్చినది. ఆమ్‌హర్స్ట్ విలియర్స్ సూపర్‌చార్జరు రూపొందించినాడు. కొలిమి తిత్తి వలె గాలిని ఊదుతుంది కనుక జనులు ఆ కారుకు 'బ్లోయర్' అని పేరు పెట్టినారు. డబ్ల్యూ.ఓ.కు ఇది గిట్టలేదు. తన ఇంజను స్వభావమును చెరచుటయే అని ఆయన భావించినారు. పందెపు నియమముల కొరకు యాభై కార్లు అమ్మకమునకు చేయవలసివచ్చినది. బ్లోయర్ వేగములో మెరుపు, మన్నికలో బలహీనము. 1930లో పో పట్టణమున జరిగిన ఫ్రెంచి గ్రాండ్ ప్రీలో రెండవ స్థానము పొందినదే గాని, ల మాన్‌లో ఒక్కసారియు గెలువలేదు. అక్కడ గెలిచినది ఊదుడు లేని ఆరున్నర లీటర్ల 'స్పీడ్ సిక్స్'. ఈ వాదములో ఆనాటికి డబ్ల్యూ.ఓ.దే పైచేయి. అయితే ఈ బ్లోయర్ సంగతిని శ్రోతలు మరువరాదు; యాభై యేండ్ల పిమ్మట ఇది మరల మన కథలోనికి వచ్చును.

1929 అక్టోబరులో న్యూయార్కు వాటాల బజారు కూలినది. సరిగా ఒక సంవత్సరమునకు, 1930 శరత్కాలమున, బెంట్లీ తన కార్లన్నిటిలోకి పెద్దదియు ఖరీదైనదియు ఐన ఎనిమిది లీటర్ల కారును ప్రదర్శించినది. 7,983 ఘన సెంటీమీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను. ఎంత బరువైన తొట్టి కట్టినను గంటకు 100 మైళ్ళు పోగల వాహనము. చట్రము ధరయే 1,850 పౌన్లు. యంత్రముగా అది డబ్ల్యూ.ఓ. ప్రతిభకు శిఖరము. కొనేవారు మాత్రము నశించినారు. నూరు మాత్రమే తయారైనవి.

నిధులు ఎండిపోవుచుండగా సంస్థ పాలకవర్గము ఒక నిర్ణయము చేసినది. మన కథకు ఇది మొదటి పాఠము. కొంచెము చవుకైన కారు ఒకటి చేసి, రోల్స్‌రాయిస్‌వారి చిన్న కారుకు పోటీగా నిలుపవలెనని వారి తలంపు. అందుకు హారీ రికార్డో అనే ప్రసిద్ధ ఇంజనీరు సంస్థ చేత నాలుగు లీటర్ల క్రొత్త ఇంజను రూపొందింపజేసినారు. తల మీది కామ్ షాఫ్టు లేదు. కవాటములు కొన్ని పైన, కొన్ని ప్రక్కన. రికార్డో నేర్పులో లోపము లేదు. కాని ఆ ఇంజనును కూర్చుండబెట్టినది ఎనిమిది లీటర్ల కారు చట్రమును కుదించిన దాని మీద. ఏనుగు అంబారీని గుఱ్ఱము మీద మోపినట్లయినది. 1931 మే నెలలో బజారుకు వచ్చిన ఆ కారులో బెంట్లీ బలమును ఆశించినవారికి బలము దొరకలేదు. రోల్స్‌రాయిస్ మృదుత్వమును ఆశించినవారికి అది వేరొక చోట దొరికినది. యాభై కార్లతో దాని చరిత్ర ముగిసినది. డబ్ల్యూ.ఓ. దానిని తన బిడ్డగా ఎన్నడును అంగీకరింపలేదు.

1931 జూలైలో తాకట్టు వాయిదా చెల్లింపవలసివచ్చినది. బార్నాటో ఇక డబ్బు పెట్టనని నిరాకరించినాడు. సంస్థ రిసీవరు చేతికి పోయినది. అప్పటికి పన్నెండేండ్లలో క్రికిల్‌వుడ్ చేసిన కార్లు మొత్తము సుమారు మూడు వేలు. విమానపు ఇంజనులు చేసే నేపియర్ సంస్థ బెంట్లీని కొనుటకు ముందుకు వచ్చినది. నేపియర్ నీడలో చేయవలసిన క్రొత్త కారును గూర్చి డబ్ల్యూ.ఓ. ఆలోచింపసాగినారు. బేరము ముగియనున్న తరుణమున బ్రిటిష్ సెంట్రల్ ఈక్విటబుల్ ట్రస్టు అను పేరెరుగని సంస్థ ఒకటి సుమారు 1,25,000 పౌన్లు పలికి పాట గెలిచినది. ఆ తెర వెనుక నున్నది ఎవరో కొద్ది దినములకు గాని తెలియలేదు. వారు రోల్స్‌రాయిస్‌వారు!

కర్మాగారము, బొమ్మలు, పేటెంట్లు, పేరు, వీటితోపాటు డబ్ల్యూ.ఓ. కొలువు ఒప్పందము కూడ క్రొత్త యజమానుల పరమైనది. రోల్స్‌రాయిస్‌వారు ఆయనను కార్లు నడిపి పరీక్షించే పనిలో ఉంచినారు. ఇంజను రూపకల్పనలో చేయి పెట్టనీయలేదు. తన పేరు గల కారు ఎట్లుండవలెనో నిర్ణయించే అధికారము ఆయనకు లేకపోయినది. మన కుటుంబములలో ఇల్లు అమ్ముకొన్నవారు ఇంటిపేరును వెంట తీసికొనిపోగలరు. ఆయనకు ఆ భాగ్యము కూడ దక్కలేదు. 1935లో ఆయన లగోండా సంస్థకు వెళ్ళి, పన్నెండు సిలిండర్ల చక్కని ఇంజనును నిర్మించినారు. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత లగోండావారు తమ క్రొత్త కారుకు ఆయన పేరును జోడింపబోగా, రోల్స్‌రాయిస్ న్యాయస్థానమునకు వెళ్ళి ఆపించినది. అయితే ఆ కారు కొరకు ఆయన పర్యవేక్షణలో తయారైన 2.6 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను మాత్రము వృథా పోలేదు. డేవిడ్ బ్రౌన్ అనే పారిశ్రామికుడు 1947లో ఆస్టన్ మార్టిన్‌ను కొని, ఆ ఇంజను మీది ఆశతోనే లగోండాను కూడ కొన్నాడు. 1950 నాటి ఆస్టన్ మార్టిన్ డి.బి.2 అనే కారుకు ప్రాణము పోసినది ఆ ఇంజనే. పేరు ఒకచోట, ప్రతిభ ఒకచోట. రెండును వేర్వేరు ఇండ్లలో బ్రతికినవి.

మరి బెంట్లీ పేరును కొన్నవారు దానితో ఏమి చేసినారు? ఇది రెండవ పాఠము. రోల్స్‌రాయిస్ ఇంజనీర్లు మొదట చిన్న ఇంజను ఒకటి తీసికొని సూపర్‌చార్జరు తగిలించి చూచి, తృప్తి కలుగక మానుకొన్నారు. పిదప తమ 20/25 కారులోని 3.7 లీటర్ల ఇంజనును తీసికొని, తలభాగమును మార్చి, రెండు కార్బ్యురేటర్లు అమర్చి, తేలికైన చట్రములో ఉంచినారు. 1933లో వెలువడిన ఆ మూడున్నర లీటర్ల బెంట్లీని వారు 'నిశ్శబ్దమైన స్పోర్ట్స్ కారు' అని ప్రకటించినారు. ఇంజను పరాయిది, డర్బీ కర్మాగారము పరాయిది. అయినను కారు చురుకుగా పరుగెత్తినది, తోలేవానికి తోడ్పడినది. దానిని నడిపి చూచిన డబ్ల్యూ.ఓ. సైతము మెచ్చుకొన్నారు. సొంత సంస్థ తలపెట్టిన నాలుగు లీటర్ల ఇంజను పేరును ముంచగా, పరాయివాని ఇంజను పేరును నిలబెట్టినది. ఇంజను ఎవరిదన్న ప్రశ్న కన్న, ఆ ఇంజను పేరు ఇచ్చిన మాటను నిలుపుచున్నదా అన్న ప్రశ్న పెద్దదని ఇందువలన తేలుచున్నది.

యుద్ధానంతరము 1946లో తయారీ క్రూ పట్టణమునకు మారినది. 1952 నాటి కాంటినెంటల్ వంటి ఘనమైన కారు అక్కడ పుట్టినది. కాని 1955 నుండి యజమానులు ఒక పొదుపు మార్గము పట్టినారు. రోల్స్‌రాయిస్ సిల్వర్ క్లౌడ్, బెంట్లీ ఎస్ అనే రెండు కార్లకు ముందరి జల్లెడ, బిళ్ళలు తప్ప తేడా లేదు. ఒకే రేడియో యంత్రమును రెండు పెట్టెలలో అమర్చి రెండు పేర్లతో అమ్మినట్లు. 1959లో రెండింటికిని ఒకే క్రొత్త ఇంజను వచ్చినది: ఎనిమిది సిలిండర్లు, అల్యూమినియపు దిమ్మ, 6,230 ఘన సెంటీమీటర్లు. 1970లో దానిని 6,750కు పెంచినారు. దివ్యమైన ఇంజను, నెమ్మదిగా తిరుగుచు కొండను లాగగలదు. కాని అదే ఇంజను, అదే తొట్టి, ఇంచుమించు అదే ధర ఉన్నప్పుడు కొనేవాడు పెద్ద పేరునే కోరును గదా! 1965లో మొదలైన తరువాతి తరపు కార్లలో రోల్స్‌రాయిస్‌లు పది అమ్ముడైతే బెంట్లీ ఒకటి అమ్ముడగుట కష్టమైనది. ఏ ఒడుదుడుకులు లేని ఈ కాలమే బెంట్లీ పేరునకు అన్నిటికంటె గడ్డుకాలము. దివాలా చంపలేని పేరును పోలిక చంపబోయినది.

1971లో విమానపు ఇంజను ఖర్చుల క్రింద రోల్స్‌రాయిస్ సంస్థయే కూలినది. కార్ల శాఖ వేరుపడి, 1980లో విక్కర్స్ సంస్థ చేతికి వచ్చినది. 1982లో క్రూ ఇంజనీర్లు ఒక సాహసము చేసినారు. పాత ఎనిమిది సిలిండర్ల ఇంజనుకు టర్బోచార్జరు తగిలించినారు. పొగగొట్టము గుండా వృథాగా పోయే వాయువుల బలముతోనే చక్రమును త్రిప్పి, స్వచ్ఛమైన గాలిని ఇంజనులోనికి దట్టించే సాధనమిది. బలము ఇంచుమించు సగము పెరిగినది. ఈ ఇంజనును రోల్స్‌రాయిస్‌కు ఇవ్వక బెంట్లీకి మాత్రమే ఇచ్చినారు. కారుకు ల మాన్ పందెపు బాటలోని ఒక భాగము పేరిట 'మల్సాన్ టర్బో' అని పేరు పెట్టినారు. 1985లో నడక మరింత బిగువు చేసి 'టర్బో ఆర్' అన్నారు. ఫలితము అద్భుతము. 1990ల నాటికి బెంట్లీలు రోల్స్‌రాయిస్‌లతో సమానముగా అమ్ముడై, పిదప వాటిని మించినవి. గాలిని దట్టించుట పాపమని డబ్ల్యూ.ఓ. అన్నారు, ఆ పాపమే ఆయన పేరును బ్రతికించినది. బిర్కిన్ వాదమునకు యాభై యేండ్లకు గెలుపు దక్కినదని చెప్పవచ్చును. ఆ మాటలో సగమే నిజము. బ్లోయర్‌లో ఊదుడు ఇంజనును తొందరపెట్టినది. మల్సాన్‌లో ఊదుడు ఆరు ముప్పాతిక లీటర్ల నెమ్మదిని చెడగొట్టకుండ దానికి కండ చేర్చినది. డబ్ల్యూ.ఓ. కోరిన తరుగని బలము ఆయన నిరాకరించిన మార్గమున సిద్ధించినది.

1990ల తొలినాళ్ళలో ఆర్థిక మాంద్యము వచ్చినది. క్రూ కార్ల అమ్మకములు సగమునకు పైగా పడిపోయినవి. పొగను గూర్చిన చట్టములు బిగిసినవి. ముప్పదియైదేండ్ల పాత ఇంజను స్థానమున సొంతముగా క్రొత్తది చేసికొనే శక్తి ఆ చిన్న కర్మాగారమునకు లేదు. 1994లో జర్మనీలోని బి.ఎం.డబ్ల్యూ. సంస్థతో ఒప్పందము కుదిరినది. 1998లో వెలువడిన రోల్స్‌రాయిస్ సిల్వర్ సెరాఫ్‌కు వారి పన్నెండు సిలిండర్ల ఇంజను. బెంట్లీ ఆర్నాజ్‌కు వారి ఎనిమిది సిలిండర్ల ఇంజను, రెండు టర్బోలతో. 350 అశ్వశక్తి, శుభ్రమైన, పొదుపైన, ఆధునికమైన యంత్రము. దాని పరిమాణము 4,398 ఘన సెంటీమీటర్లు. 1927 నాటి నాలుగున్నర లీటర్ల బెంట్లీ ఇంజను పరిమాణము కూడ సరిగా 4,398! యాదృచ్ఛికమే గాని ఎంత బోధకమైనది! అంకె ఒక్కటే, స్వభావములు వేరు. పాత ఇంజనులో నాలుగు పెద్ద పిస్టనులు నెమ్మదిగా లాగేవి. క్రొత్త ఇంజనులో ఎనిమిది చిన్న పిస్టనులు వడిగా తిరిగితేనే బలము పుట్టును. అక్కడ కారు తేలికైన పందెపు బండి; ఇక్కడ రెండున్నర టన్నుల భవనము. "అరువు సొమ్ములు బరువు చేటు" అన్నట్లయినది. ఇంజను మంచిదేనని అందరును ఒప్పుకొన్నారు. బెంట్లీ అనిపించుట లేదని పాత కొనుగోలుదారులు పెదవి విరిచినారు.

ఇదే సమయమున విక్కర్స్ కార్ల శాఖను అమ్మకమునకు పెట్టినది. బి.ఎం.డబ్ల్యూ. 34 కోట్ల పౌన్లు పలుకగా, మరియొక జర్మను సంస్థ ఫోక్స్‌వాగన్ 43 కోట్లు పలికి గెలిచినది. కాని రోల్స్‌రాయిస్ అను పేరు విమానపు ఇంజనుల సంస్థ సొత్తు. ఆ సంస్థ పేరును బి.ఎం.డబ్ల్యూ.కు 4 కోట్ల పౌన్లకు ఇచ్చినది. పైగా ఇంజనుల సరఫరాను ఆపుదుమన్న బెదిరింపు బి.ఎం.డబ్ల్యూ. చేతిలో ఉన్నది. చివరకు 1998 వేసవిలో రాజీ కుదిరినది: క్రూ కర్మాగారము, బెంట్లీ ఫోక్స్‌వాగన్‌వి, రోల్స్‌రాయిస్ పేరు 2003 జనవరి 1 నుండి బి.ఎం.డబ్ల్యూ.ది. 1931లో కలిసిన రెండు ఇండ్లు ఈ విధముగా విడిపోయినవి.

ఫోక్స్‌వాగన్ చేసిన మొదటి పనులలో ఒకటి ముసలి ఇంజనును పిలిపించుట. పాత ఆరు ముప్పాతిక లీటర్ల ఇంజను ఇంకను కొన్ని కార్ల కొరకు తయారగుచునే ఉన్నది. దానిని ఆర్నాజ్ కారులో ఇమిడ్చి, 1999 అక్టోబరులో 'రెడ్ లేబుల్' అను పేరుతో విడుదల చేసినారు. 400 అశ్వశక్తి సంగతి అటుంచితే, చక్రములను త్రిప్పే బలము జర్మను ఇంజనుకు సుమారు 570 న్యూటన్ మీటర్లు కాగా, దీనికి సుమారు 835. అదియు నిమిషమునకు రెండు వేల చుట్లు దాటగానే లభించును. పోటీదారుని ఇంజను మీద ఆధారపడరాదన్న భయము ఒక కారణము, కొనుగోలుదారుల కోరిక మరియొక కారణము. రెండు ఇంజనుల కార్లను ప్రక్క ప్రక్కన అమ్మకమునకు ఉంచగా, కొనేవారు ముసలిదానినే ఎంచుకొన్నారు. బి.ఎం.డబ్ల్యూ. ఇంజను గల కారును త్వరలోనే మానివేసినారు.

స్వదేశపు ఇంజను కనుక గెలిచినదని, ఇది దేశాభిమానపు గెలుపు అని తలచరాదు. 2003లో బెంట్లీ కాంటినెంటల్ జి.టి. వెలువడినది. అందులోని పన్నెండు సిలిండర్ల, ఆరు లీటర్ల ఇంజను ఫోక్స్‌వాగన్ కుటుంబపు సొత్తు, జర్మనుల ఊహ. అయినను రెండు టర్బోల తోడ్పాటుతో, తక్కువ చుట్లలోనే, తరుగని బలమును ఇచ్చినది. లోకము దానిని బెంట్లీయే అని అంగీకరించినది. ఏటికి వేయి, రెండు వేల కార్లు చేసే సంస్థ అనేక వేల కార్లు చేసే సంస్థగా పెరిగినది. ఆ యేడే జూన్ నెలలో బెంట్లీ మరల ల మాన్ పందెము గెలిచినది. 1930 తరువాత అదే మొదటి గెలుపు. ముసలి ఇంజను 2020 వరకు బ్రతికినది. 1959 నుండి అరువదియొక్క యేండ్లలో సుమారు 36,000 ఇంజనులు తయారైనవి. పన్నెండు సిలిండర్ల ఇంజను తయారీ 2024లో ముగిసినది.

ఈ చరిత్రను మొత్తముగా చూచినచో మనకు ఒక న్యాయము కనబడుచున్నది. 1931లో ఇంజను సంస్థ సొంతము. మాట నిలువలేదు, సంస్థ మునిగినది. 1933లో ఇంజను పరాయిది, మాట నిలిచినది. 1955 తరువాత ఇంజను ఉత్తమమైనదే. కాని ఆ మాట వేరొకరి పేరుతో కలిసిపోయినది. 1982లో అదే ఇంజను వేరుపడి తన గొంతు తాను పొందినది. 1998లో పరాయి ఇంజను పొసగలేదు. 2003లో పరాయి ఇంజనే పొసగినది. పుట్టుక ఎక్కడిదన్న విచారణ వలన ఈ ఫలితములలో ఒక్కటియు తేలదు. బిళ్ళ మీది పేరు చెప్పిన మాటను మూత క్రింది యంత్రము చెల్లించినదా లేదా అన్నదే లెక్క.

డబ్ల్యూ.ఓ. బెంట్లీ 1971లో మరణించినారు. తన పేరుగల కార్లు రోల్స్‌రాయిస్ నీడలో మసకబారిన రోజులనే ఆయన చివరగా చూచినారు. తరువాతి వెలుగును చూడలేదు. ఇప్పుడు ఆ పేరు ఎదుట మరియొక పరీక్ష ఉన్నది. 2030 నాటికి అన్నియు విద్యుత్తు కార్లే చేయుదుమని ఆ సంస్థ 2020లో ప్రకటించి, 2024లో గడువును 2035కు పొడిగించినది. విద్యుత్తు మోటారు మొదటి చుట్టు నుండియే నిండు బలముతో లాగును, డబ్ల్యూ.ఓ. కోరిన గుణము అందులో పుష్కలముగ ఉన్నది. కాని అది నిశ్శబ్దముగా లాగును. నిశ్శబ్దము ఎదుటి ఇంటివారి గుర్తు. పైగా ఆ బలము ప్రతి విద్యుత్తు కారులోను ఉండును. అందరికి ఉన్న బలముతో తన పేరును వేరుగా నిలుపుకొనుట 1955లోను కష్టమైనది, ఇకముందును కష్టమే. పేరును కొనవచ్చును, అమ్మవచ్చును, అరువు తెచ్చుకొనవచ్చును. అది ఇచ్చిన మాటను మాత్రము ప్రతి తరమును మరల మరల చెల్లింపవలసియే ఉండును.